కాలి నొప్పి ఏ దారిన దిగుతోంది?

"నొప్పి ఎక్కడ?" అని డాక్టరు అడిగితే మనలో చాలామంది నడుం దగ్గర్నుంచి పాదం దాకా చేత్తో గాల్లో ఒక గీత గీసి "ఇదంతానండీ" అంటాం. మాత్ర రాసివ్వడానికి అంతమాత్రం చాలొచ్చు. చైనా పద్ధతిలో సూదులు వేసే వైద్యుడికి మాత్రం చాలదు. సూది ఎక్కడ పెట్టాలో ఆయనకు చెప్పేది నొప్పి దిగే దారి. రిపోర్టులో ఇద్దరికీ సయాటికా అనే ఉండొచ్చు, ఇద్దరూ పక్కపక్క బల్లల మీదే పడుకోవచ్చు. అయినా ఒకరికి మోకాలి వెనక, ఇంకొకరికి మోకాలి బయటి పక్కన సూదులు పడతాయి.

అందుకని ఆక్యుపంక్చర్ చేయించుకోవాలా వద్దా అనే చర్చ కాసేపు పక్కన పెట్టి, ముందు ఒక చిన్న పని చేయండి. మంచం మీద కూర్చుని, నొప్పి మొదలయ్యే చోట ఒకే ఒక్క వేలు పెట్టండి. అరచెయ్యి వద్దు, వేలే. ఆ వేలిని నొప్పి పోయే వైపు మెల్లగా జరుపుకుంటూ, ఎక్కడ ఆగితే అక్కడ ఆపండి. ఇంట్లో ఇంకొకరుంటే బాల్‌పెన్నుతో ఆ దారి వెంట చుక్కలు పెట్టమనండి. స్నానం చేస్తే పోతాయి.

ఆ చుక్కలు సాధారణంగా మూడు దారుల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుంటాయి. మొదటిది వెనకదారి. పిరుదు మధ్యనుంచి తొడ వెనకగా, మోకాలి వెనక మడత మీదుగా, పిక్కలోంచి చీలమండ వెనక్కి దిగి, పాదం అంచున చిటికెన వేలి దాకా పోతుంది. రెండోది పక్కదారి. తుంటి పక్కనుంచి ప్యాంటు కుట్టు వెంబడి దిగి, మోకాలి బయటి పక్కగా, చీలమండ ముందునుంచి నాలుగో వేలికి చేరుతుంది. మూడోది ముందుదారి. తొడ ముందు భాగం, మోకాలి చిప్ప పక్క, ముంగాలి ఎముకకు బయటివైపు, చివరికి రెండో వేలు. చైనా వైద్యంలో ఇవి వరసగా మూత్రాశయ, పిత్తాశయ, జఠర మార్గాలు. మన దగ్గర సూదులు వేసేవాళ్లు వీటిని మెరిడియన్లంటారు. పేరు వినగానే మూత్రాశయం స్కానింగుకు పరుగెత్తక్కర్లేదు. ఆ అవయవం చెడిందని దానర్థం కాదు, అది దారి పేరు.

న్యూరాలజిస్టు దగ్గర కూడా దాదాపు ఇలాంటి పటమే ఉంటుంది. నడుం కింద వెన్నులోంచి బయటికొచ్చే నరాల్లో ఎస్1 నలిగితే నొప్పి కాలి వెనకనుంచి చిటికెన వేలి వైపు పోతుంది. ఎల్5 నలిగితే కాలి బయటి పక్కనుంచి పాదం పైకి వస్తుంది. ఎల్4 అయితే తొడ ముందు, మోకాలు. రెండు పటాలూ అచ్చుగుద్దినట్టు ఒకటేనని చెప్పను. ఎల్5 నరం తిమ్మిరి బొటనవేలి వైపు పోతే, పిత్తాశయ మార్గం నాలుగో వేలి దగ్గరే ఆగిపోతుంది. కానీ ఎమ్మారై లేని కాలంలో, రోగి చెప్పింది శ్రద్ధగా విని, చేత్తో నొక్కి చూసి గీసిన పటం ఇంత దగ్గరగా వచ్చిందంటే, విన్నవాళ్లు బాగా విన్నారనే చెప్పాలి.

రెండు వేల ఏళ్ల నాటి ప్రశ్నలు

ఈ వైద్యానికి మూలగ్రంథం హువాంగ్‌డీ నెయ్‌జింగ్. క్రీస్తు పూర్వం చివరి రెండు శతాబ్దాల్లో ఇది రూపు దిద్దుకుందని చరిత్రకారుల అంచనా. అందులో రెండు భాగాలు. సూవెన్‌లో సిద్ధాంతం ఎక్కువ, లింగ్‌షూలో సూదుల పని ఎక్కువ. కీళ్లు పట్టేయడం, కాళ్లు లాగడం, తిమ్మిర్లు ఇవన్నీ అక్కడ 'బీ' అనే ఒకే గొడుగు కిందికి వస్తాయి. గాలి, చలి, తేమ ఒంట్లోకి చొరబడి, మార్గాల్లో 'చీ' అనే ప్రాణశక్తినీ రక్తాన్నీ ఆపేస్తే నొప్పి పుడుతుందన్నది వాళ్ల లెక్క. గాలిది పైచేయి అయితే నొప్పి ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అన్నట్టు తిరుగుతుంది. చలిదైతే ఒకచోట గట్టిగా పట్టుకుని వేడి తగిలితే నెమ్మదిస్తుంది. తేమదైతే కాలు బరువెక్కి, మొద్దుబారి, ఒక పట్టాన వదలదు. ముసురు పట్టిన రోజున మోకాళ్లు సలుపుతాయని చెప్పే మన పెద్దవాళ్లకు ఈ లెక్క కొత్తగా ఏమీ అనిపించదు.

లింగ్‌షూలో ఒక అధ్యాయం శరీరంలోని పన్నెండు మార్గాలను చైనాలోని పన్నెండు నదులతో జత కలుపుతుంది. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే కాలువ చివరి భూముల సంగతి తీసుకోండి. చివర మడి ఎండిందంటే అక్కడే తవ్వుకుంటూ కూర్చోరు, పైన తూము దగ్గరికి వెళ్లి చూస్తారు. సూదుల వైద్యుడు చేసేదీ అదే. నొప్పి ఉన్నచోట ఒకటి రెండు సూదులు, అదే మార్గంలో దూరంగా ఒకటి రెండు. నడుం నొప్పికి మోకాలి వెనక సూది పెడుతున్నారేమిటని కంగారు పడేవాళ్లకు జవాబు ఇదే.

మింగ్ వంశం కాలంలో జాంగ్ జియెబిన్ అనే వైద్యుడు రోగిని అడగాల్సిన ప్రశ్నల్ని శిష్యులు గుర్తుపెట్టుకోవడానికి వీలుగా పద్యంగా కట్టాడు. పది ప్రశ్నల పాటగా అది ఇప్పటికీ ప్రసిద్ధం. మొదటి ప్రశ్న చలా, వేడా అని. రెండోది చెమట గురించి. తుంటి నొప్పితో వెళ్లినవాణ్ని చెమట సంగతి అడగడం వింతగానే ఉంటుంది. కానీ ఈ ప్రశ్నల వరస మీకు నేరుగా పనికొస్తుంది, ఎందుకంటే వాటికి జవాబులు మీ దగ్గర తప్ప ఏ రిపోర్టులోనూ ఉండవు. నొక్కితే హాయిగా ఉందా, ఓర్చుకోలేకపోతున్నారా? నొక్కితే హాయి అంటే లోపల సత్తువ తగ్గిందనీ, నొక్కనివ్వకపోతే ఏదో అడ్డుపడి ఉందనీ చైనా వైద్యులు భావిస్తారు. ఒకేచోట కత్తితో పొడిచినట్టుండి రాత్రిళ్లు ఎక్కువైతే రక్తం గడ్డకట్టినట్టు నిలిచిందంటారు. ఏళ్ల తరబడి మెల్లగా పీకుతూ, నడుమూ మోకాళ్లూ బలం తగ్గిపోతే మూత్రపిండాల శక్తి సన్నగిల్లిందని చెప్పి, నడుం దగ్గరా చీలమండ లోపలి వైపూ సూదులు కలుపుతారు. ఈ వివరణల్ని మీరు నమ్మక్కర్లేదు. ప్రశ్నలకు జవాబులు మాత్రం రాసుకోండి.

రాసుకుంటే ఇలా ఉండాలి: "కుడి కాలు. పిరుదు మధ్యనుంచి పిక్క బయటి పక్కకు. ఆరు వారాలుగా. కూర్చుంటే ఎక్కువ, నాలుగడుగులు వేస్తే కాస్త నయం. దగ్గినా తుమ్మినా కాల్లోకి జివ్వుమంటుంది. వేడినీళ్లకు హాయి. పాదం పైన తిమ్మిరి. షుగర్ ఉంది, రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నాను." ఇంత చాలు. ఈ కాగితం సూదుల వైద్యుడికెంత పనికొస్తుందో ఎముకల డాక్టరుకూ అంతే పనికొస్తుంది.

సూది జోలికి పోకూడని కాళ్లు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఈ విద్యను మెచ్చుకుంటూ రాసేవాళ్లు సాధారణంగా దాటేసే చోటు ఇది కాబట్టి.

కాలి నొప్పితో పాటు మూత్రం, విరేచనం అదుపు తప్పినా, మూత్రం బిగపట్టినట్టయి రాకపోయినా, సైకిల్ సీటు ఆనే భాగమంతా మొద్దుబారినా అది వెన్ను కింది నరాల గుత్తి నలుగుతోందనడానికి గుర్తు. ఆ రోజే, ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే ఆ నష్టం మళ్లీ పూడకపోవచ్చు. నడుస్తుంటే పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, వేళ్లు నేలకు తట్టుకుంటున్నా అదీ ఆగాల్సిన విషయం కాదు. ముసలివాళ్లు జారిపడ్డాక ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగిపోతే తుంటి ఎముక విరిగిందేమో చూడాలి. ఒక్క పిక్క మాత్రం వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అలాంటి పిక్కను నొక్కడం, మర్దన చేయడం కూడా తప్పే. జ్వరంతో వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడంతో వచ్చే నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ల ఎముక నొప్పి, ఇవన్నీ ముందు పరీక్షలకు వెళ్లాల్సినవే.

అత్యవసరం కాకపోయినా దారి తప్పించేవి ఇంకొన్ని ఉన్నాయి. తుంటి నొప్పి అంటూ చెయ్యి గజ్జల్లో పెట్టేవాళ్లను గమనించండి. అసలు తుంటి కీలు చెడినప్పుడు నొప్పి ఎక్కువగా గజ్జల్లోనే ఉంటుంది. మఠం వేసుకుని కూర్చోలేరు, కాలి గోళ్లు తీసుకోలేరు, బస్సు మెట్టు ఎక్కలేరు. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవాళ్లలో, మద్యం బాగా అలవాటున్నవాళ్లలో తుంటి బంతికి రక్తం అందక ఎముక కూలిపోయే జబ్బు చిన్న వయసులోనే వస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది. అలాంటి మనిషికి పిరుదులో నెలల తరబడి సూదులు వేస్తూ పోతే, శస్త్రచికిత్స లేకుండా బంతిని కాపాడుకునే సమయం చేజారుతుంది.

నడిస్తే పిక్క పట్టేసి, నిలబడగానే తగ్గేది రక్తనాళాల జబ్బు కావచ్చు. పొగతాగేవాళ్లూ షుగరున్నవాళ్లూ దీన్ని మరచిపోకూడదు. నిలబడితే తగ్గక, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గేది వెన్ను సందు ఇరుకైన లక్షణం. రెండు పాదాలూ సమంగా మంటలు పుడితే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. పక్కకు తిరిగి పడుకుంటే తుంటి పక్కనున్న ఎముక దగ్గర నొక్కి నొప్పెడితే అది అక్కడి కండర బంధాల గొడవే తరచుగా.

చైనాలోనూ ఈ వడపోత లేకుండా ఏమీ ఉండదు. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్‌డూల్లో 1956లో పెట్టిన సంప్రదాయ వైద్య కళాశాలలు ఇవాళ విశ్వవిద్యాలయాలు. వాటి ఆసుపత్రుల్లో సూదుల విభాగమూ స్కానింగు విభాగమూ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. చైనా వైద్యం అంటే స్కానింగు వద్దనే వైద్యం అనే అభిప్రాయం మన దగ్గర కొందరు ప్రచారం చేసుకున్నది.

బల్ల మీద ఏం జరుగుతుంది

వెనకదారి నొప్పి అయితే బోర్లా పడుకోబెడతారు, పక్కదారి అయితే నొప్పి లేని వైపు తిరిగి, నొప్పి కాలు తొడ దగ్గర ముడుచుకోమంటారు. ఈ భంగిమ హువాన్‌త్యావ్ అనే బిందువు కోసం. మన దగ్గర జీబీ-30 అంటారు. తొడ ఎముక పక్కన బయటికి పొడుచుకొచ్చిన గుబ్బకూ, వెన్ను చివరి త్రికం కింది రంధ్రానికీ మధ్య గీత గీసి మూడు భాగాలు చేస్తే, గుబ్బ వైపునుంచి మొదటి భాగం ముగిసేచోట అది ఉంటుంది. దాని అడుగున, కండరాల కింద సయాటిక్ నరం ఉంటుంది. పిరుదులో ఇంజెక్షన్ ఇచ్చే నర్సు పైన బయటి మూలకే ఎందుకు పొడుస్తుందో తెలుసా? ఈ నరానికి తగలకూడదని. సూదుల వైద్యుడు తెలిసి తెలిసి దాని పరిసరాలకే వెళతాడు, అదీ రెండు మూడు అంగుళాల పొడవు సూదితో. వారాంతపు శిక్షణలో నేర్చుకుని వేసే బిందువు కాదది.

సూది మందం సుమారు పావు మిల్లీమీటరు. ఇంజెక్షన్ సూదిలా లోపల బోలుగా ఉండదు, మందు ఎక్కించేదేమీ లేదు. చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్టుండి, లోపలికి వెళ్లాక బరువుగా, లాగుతున్నట్టు, ఉబ్బుతున్నట్టు, తిమ్మిరిగా అనిపిస్తుంది. ఆ అనుభూతి కోసమే వైద్యుడు సూదిని మెల్లగా తిప్పుతాడు. దాన్ని 'చీ' వచ్చిందంటారు. హువాన్‌త్యావ్ దగ్గరైతే ఒక్కోసారి పాదం దాకా కరెంటు పాకినట్టవుతుంది. ఒక్కసారి పాకడం వేరు, సూది కదలకుండా ఉన్నా భగ్గున మండుతూనే ఉండటం వేరు. రెండోది జరిగితే మొహమాట పడకుండా వెంటనే చెప్పాలి.

తోడుగా వచ్చే బిందువుల్లో ఎక్కువసార్లు వినబడేవి కొన్నే. మోకాలి వెనక మడత మధ్యన వెయ్‌జోంగ్, మోకాలి బయటివైపు చిన్న ఎముక తలకాయకు కాస్త ముందు, కింద యాంగ్‌లింగ్‌చువాన్, పిక్క కండ రెండుగా విడిపోయేచోట చెంగ్‌షాన్, చీలమండ బయటి ఎముకకూ మడమ వెనక స్నాయువుకూ మధ్య పల్లంలో ఖున్‌లున్. పన్నెండో శతాబ్దపు తావో సన్యాసి మా దాన్‌యాంగ్ పేర ప్రచారంలో ఉన్న ఒక పాటలో, ఒంట్లోని వందల బిందువుల్లోంచి పన్నెండింటిని మాత్రమే ఏరి పెట్టారు. ఆ 12లో 8 కాలివే, పైన చెప్పిన ఐదూ వాటిలోవే. నడకతో బతికిన కాలంలో కాలు పట్టేస్తే బతుకే ఆగిపోయేది మరి. వీటికి తోడు, తాంగ్ వంశకాలపు వైద్యుడు సున్ సిమియావ్ రాసిపెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ పటంలోనూ లేకపోయినా, నొక్కితే రోగి "అబ్బా, అక్కడే!" అన్న చోటు కూడా బిందువే.

సూదులు ఇరవై, ముప్పై నిమిషాలు అలాగే ఉంచుతారు. చలికి ముదిరే నొప్పులకు వాటి పక్కన మొక్సా కాలుస్తారు. ఎండబెట్టి దంచి దూదిలా చేసిన ఆకుతో చుట్టిన చుట్ట అది. ఆ ఆకు మనకు పరాయిది కాదు. వినాయక చవితి పత్రిలో మొదట పేరొచ్చే మాచిపత్రి ఉంది చూశారూ, దానికి దగ్గరి చుట్టం. సెగ హాయిగా ఉంటుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు మాత్రం ఇది ప్రమాదం, కాలుతున్నా తెలియదు. వాళ్లు వద్దని ముందే చెప్పాలి.

ఖాళీ కడుపుతో వెళ్లకండి, కళ్లు తిరుగుతాయి. సూది ప్యాకెట్ మీ కళ్లముందే చింపాలి, వాడాక పారేయాలి. "మీ సూదులు మీకే, డబ్బాలో దాచి ఉంచుతాం" అనే చోటినుంచి లేచి వచ్చేయండి. పచ్చకామెర్ల వైరస్ అలాంటి డబ్బాల్లోంచే ఎక్కుతుంది. గర్భిణులు ముందే చెప్పాలి, ఖున్‌లున్‌తో సహా కొన్ని బిందువుల్ని వాళ్లకు వేయకూడదని సంప్రదాయమే కట్టడి పెట్టింది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు సూదులకు కరెంటు తగిలించే పద్ధతికి ఒప్పుకోకూడదు.

పని చేస్తుందా?

ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లను, అవునన్నా కాదన్నా, కొంచెం అనుమానించండి.

జర్మనీలో 1,162 మంది దీర్ఘకాల నడుంనొప్పి రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. మూడు గుంపులు. ఒక గుంపుకు చైనా పద్ధతిలో సరైన బిందువుల్లో సూదులు, ఇంకో గుంపుకు బిందువులు కాని చోట్ల పైపైన సూదులు, మూడో గుంపుకు మామూలు మందులూ వ్యాయామమూ. ఆరు నెలల తర్వాత మెరుగైనవాళ్లు వరసగా 47.6, 44.2, 27.4 శాతం. చదవగానే రెండు విషయాలు కళ్లకు కడతాయి. సూదులు మామూలు చికిత్సకంటే చాలా మేలు. కానీ సరైన చోటు, తప్పు చోటు అన్న తేడా అంతగా కనబడలేదు. ఇలాంటి పరీక్షల తర్వాత జర్మనీ 2007 జనవరి నుంచి దీర్ఘకాల నడుంనొప్పికీ, మోకాలి అరుగుదలకీ ఆరోగ్యబీమాలో ఆక్యుపంక్చర్‌ను చేర్చింది. బ్రిటన్‌లో నైస్ అనే మార్గదర్శక సంస్థ ఇందుకు ఎదురుదిశలో నడిచింది. నడుంనొప్పికీ సయాటికాకీ దీన్ని సూచించవద్దని 2016లో చెప్పింది. అమెరికా వైద్యుల కళాశాల 2017లో దీర్ఘకాల నడుంనొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో దీన్నీ పెట్టింది. ఇంచుమించు ఒకే సమాచారం చూసి ముగ్గురూ మూడు నిర్ణయాలు. సూది వేశారన్న భావనతో వచ్చే ఉపశమనాన్ని లెక్కలోకి తీసుకోవాలా, తీసెయ్యాలా అన్నదే అసలు తగాదా.

కాలిలోకి దిగే నొప్పి గురించి ప్రత్యేకంగా చేసిన మంచి పరీక్ష 2024లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. చైనాలోని ఆరు ఆసుపత్రులు, డిస్క్ జారడం వల్ల దీర్ఘకాలంగా సయాటికా ఉన్న 220 మంది. నాలుగు వారాల్లో పది విడతలు. సగంమందికి అసలు సూదులు, సగంమందికి నకిలీవి. వంద గీతల కొలబద్ద మీద కాలి నొప్పి అసలు సూదుల గుంపులో సుమారు 31 తగ్గితే, నకిలీ గుంపులో 15 తగ్గింది. ఈ తేడా ఏడాది దాకా నిలిచింది. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పలేం, వేరే దేశాల్లోనూ ఇలాగే వస్తే అప్పుడు చూద్దాం. అయినా సయాటికాతో రాత్రుళ్లు కూర్చుని తెల్లవార్చేవాళ్లకు ఇది తీసిపారేయదగ్గ సంగతి కాదు.

తుంటి కీలు అరుగుదల కథ వేరు. ఆరు పరీక్షల్ని, 413 మంది రోగుల్ని కలిపి 2018లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, నకిలీ సూదులతో పోలిస్తే అసలువాటి లాభం దాదాపు ఏమీ లేదని తేలింది. అందుకే వేలితో దారి గీయమన్నాను. ఆ వేలు పిరుదులో మొదలై కాలిలోకి దిగితే సూదుల మీద ఆశ పెట్టుకోవచ్చు. గజ్జల్లో మొదలై అక్కడే ఆగితే డబ్బు వేరే చోట ఖర్చుపెట్టండి.

ఒప్పందం

మన దేశానికి ఈ విద్యను తెచ్చినవాళ్లలో ముందువరసలో ఉన్నది డాక్టర్ విజయకుమార్ బసు. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు మన దేశం పంపిన వైద్యబృందంలో డాక్టర్ కోట్నీస్‌తో పాటు వెళ్లినవారాయన. కోట్నీస్ అక్కడే 1942లో చనిపోయారు. బసు యాభైల చివర్లో మళ్లీ చైనా వెళ్లి సూదులు నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో దీన్ని చికిత్సా పద్ధతిగా అనుమతించింది. కానీ బోర్డు మీద ఉన్న పేరు పక్కన అక్షరాల్ని చూసి శిక్షణ ఎంతో చెప్పడం ఇప్పటికీ కష్టమే. అందుకని నేరుగా అడగండి: ఎక్కడ నేర్చుకున్నారు, ఎంతకాలం, పిరుదులో లోతు సూదులు వేసిన అనుభవం ఎంత? అడిగితే చిన్నబుచ్చుకునే వైద్యుడి దగ్గర పిరుదు అప్పగించి పడుకోవడం తెలివైన పని కాదు.

మొదటిరోజే నలభై విడతలకు ముందస్తు డబ్బు కట్టమంటే కట్టకండి. తగ్గేదే అయితే, తెలియడానికి అంతదాకా ఆగక్కర్లేదు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా 2020 నుంచి దీర్ఘకాల నడుంనొప్పికి 90 రోజుల్లో 12 విడతల దాకా భరిస్తోంది. మెరుగుదల కనబడితేనే ఇంకో ఎనిమిది. ఆ షరతును మీరూ అరువు తెచ్చుకోవచ్చు. వారానికి రెండు చొప్పున ఆరు విడతలకు ఒప్పుకోండి, ఆరో విడత తర్వాత లెక్క చూసుకుందామని వైద్యుడితో ముందే చెప్పండి.

లెక్క అంటే సున్నా నుంచి పది దాకా నొప్పికి మార్కులు వేయడం ఒక్కటే కాదు. అది రోజుకోలా ఉంటుంది, బాగా నిద్రపట్టిన రోజు మూడు, గొడవపడ్డ రోజు ఎనిమిది. దానికి తోడు మీ బతుకులోంచి మూడు పనులు ఎంచుకోండి. వంటింట్లో ఆగకుండా ఎంతసేపు నిలబడగలరు? మెట్లు ఎన్ని ఎక్కాక ఆగుతారు? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుంది? మొదటి సూదికి ముందురోజు రాసి తేదీ వేయండి. మూడో విడతకు, ఆరో విడతకు మళ్లీ రాయండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. డిస్క్ వల్ల కొత్తగా వచ్చిన సయాటికా చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. నొప్పి వచ్చిన రెండో వారంలో సూదులు మొదలుపెట్టి, ఆరో వారానికి తగ్గితే ఆ ఘనతంతా సూదికే ఇవ్వడం న్యాయం కాదు. ఆర్నెల్లనుంచి కదలని నొప్పి మూడు వారాల్లో సగమైతే అది వేరే లెక్క.

విడతల మధ్య రోజుల్లో ఏం చేస్తారన్నది సూదులంత ముఖ్యం. సూది వేయించుకున్న సాయంత్రం కాలు తేలికగా ఉంటుంది. ఆ తేలికను పడక్కుర్చీలో వృథా చేయకండి. నొప్పి కాలిలోకి ఇంకా కిందికి దిగనంత వరకు నడవండి, నెమ్మదిగా దూరం పెంచండి. నొప్పి పిక్కనుంచి తొడకు, తొడనుంచి పిరుదుకు వెనక్కి తగ్గుతోందంటే, పిరుదులో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి కబురే.

ఇంట్లో సూదులు వేసుకోకూడదు. వేళ్లతో నొక్కుకోవచ్చు. చేతులు కిందికి వేలాడేసి నిటారుగా నిలబడితే నడివేలి కొస తొడ పక్కన తగిలేచోటు ఫెంగ్‌షీ. మోకాలి చిప్ప కింద బయటి పల్లంనుంచి నాలుగు వేళ్ల వెడల్పు కిందికి, ముంగాలి ఎముకకు ఒక వేలు బయటికి జూసాన్‌లీ. కొలత మీ వేళ్లదే కావాలి, ఇంకొకరివి కాదు. చైనా వైద్యంలో కొలబద్ద రోగి చెయ్యే. బొటనవేలితో ఒకటి రెండు నిమిషాలు, లోపల మొద్దుగా లాగినట్టు అనిపించేంత గట్టిగా నొక్కి వదలండి. రోజుకు రెండుసార్లు చాలు. మోకాలి వెనక వెయ్‌జోంగ్ దగ్గర మాత్రం మెత్తగానే నొక్కాలి, అక్కడ పెద్ద రక్తనాళమూ నరమూ పైకే ఉంటాయి.

ఆరో విడత తర్వాత కాగితం తీసి చూడండి. మూడు పనుల్లో రెండు మెరుగైతే ఇంకో నాలుగో ఆరో విడతలు వేయించుకుని, ఆ తర్వాత వారానికి ఒకటికి దించి ఆపేయండి. ఒక్కటీ కదలకపోతే వైద్యుడికి నమస్కారం పెట్టి, అదే కాగితం పట్టుకుని వెన్ను డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ దారిన మొదలై ఏ వేలి దగ్గర ఆగుతోందో ఆయనా అదే అడుగుతారు.